హంసా, కాకీ, మా ఊరి చెరువూ

ఆ రోజు పడవ నీళ్ళు వదిలి గట్టెక్కేసింది.

రిమోట్ నా చేతిలోనే ఉంది. కుడివైపు తిప్పాను. ముక్కు తిరిగింది గానీ పడవ తిరగలేదు. తోక జారిపోయి, అడ్డంగా ఈడ్చుకుపోయి, ఎదుటి మెట్ల మీదికి ఎగిరి, అక్కడ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్న ఓ కుర్రాడికి జానెడు దూరంలో రాతికి కొట్టుకుంది. నాకు ట్రిగ్గర్ వదలాలని తట్టేసరికి ప్రొపెల్లర్ గాల్లో కీచుమని అరుస్తోంది. ఆ ప్రొపెల్లర్ అంచుల్ని అంతకుముందు ఆదివారమే నేను స్వయంగా ఆకురాయి పెట్టి, బ్లేడులా పదును తేల్చాను. నీళ్ళని బాగా కోస్తే వేగం పెరుగుతుంది మరి.

కుర్రాడు నవ్వాడు. వాడికది సినిమా. నాకు మాత్రం కాళ్ళు వణికాయి. పక్కనున్న మా మేనల్లుడు పన్నెండేళ్ళవాడు. "మామయ్యా, ఎంతొచ్చింది?" అని అడిగాడు. జీపీఎస్ తీసి చూస్తే గంటకి 60 కిలోమీటర్లు దాటింది. అంతకుముందు వారం కంటే నాలుగు ఎక్కువ. ఆ నాలుగు కిలోమీటర్లు ఎక్కణ్ణించి వచ్చాయో నాకు తెలుసు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇంటికెళ్ళి జరిగింది చెప్తే, విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మా నాన్న పేపరు పక్కన పెట్టి, పడవని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్పీడు ఎవడైనా ఎక్కిస్తాడ్రా. ముందు మలుపు తిప్పడం నేర్చుకో" అన్నాడు. మళ్ళీ పేపరు తీసుకున్నాడు.

ఆ రాత్రి నించి నేను పడవ పక్కన పెట్టి చదవడం మొదలెట్టాను. చిన్న పడవని సరిచెయ్యడం గురించి వెతుకుతూ పోతే, నూట యాభై ఏళ్ళ కిందటి ఇంగ్లండులో ఒక నది మీద తేలాను. ఈ వ్యాసం ఆ ప్రయాణం గురించి.

*

1867. ఇంగ్లండు నైరుతి మూల డెవన్ ప్రాంతం. అక్కడి డార్ట్ నది మీద ఒక చిన్న స్టీమ్ లాంచి వెళ్తోంది. దానికి కట్టిన అడ్డదూలానికి రెండు బొమ్మ పడవలు పక్కపక్కన వేలాడుతూ నీళ్ళలో లాగబడుతున్నాయి. ఒకదాని పేరు స్వాన్, అంటే హంస. రెండోదాని పేరు రావెన్. మన లెక్కలో కాకి. లాగుతున్నాయన పేరు విలియం ఫ్రూడ్. 57 ఏళ్ళవాడు. కుర్రప్పుడు బ్రూనెల్ దగ్గర రైల్వే ఇంజినీరుగా పనిచేశాడు. తమ్ముడు జేమ్స్ ఆంథొనీ ఫ్రూడ్ పేరున్న చరిత్రకారుడు.

కాకి ముక్కు సూదిలా ఉంటుంది. అప్పట్లో ఓడలు కట్టేవాళ్ళలో పెద్దపేరున్న స్కాట్ రస్సెల్ సిద్ధాంతం ప్రకారం గీసిన ఆకారం అది. నీటిని సున్నితంగా చీల్చాలంటే కొసలు అలా కోటేరుగానే ఉండాలని అందరూ నమ్మేవాళ్ళు. హంస అలా కాదు. కొసలు బొద్దుగా, నీటిపిట్ట రొమ్ములా ఉంటాయి. ఫ్రూడ్ ఈ రెండిటినీ మూడేసి సైజుల్లో చేయించాడు. 3 అడుగులు, 6 అడుగులు, 12 అడుగులు.

కర్ణపర్వంలో శల్యుడు కర్ణుణ్ణి ఎత్తిపొడవడానికి చెప్పే హంస, కాకి కథ మనకి తెలిసిందే. ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి నూటొక్క రకాలుగా ఎగరగలనని గొప్పలు పోయి, సముద్రం మీద రెక్కలు తేలేస్తుంది. హంసకి వచ్చింది ఒక్క రకమే. దానితోనే నెగ్గి, పైపెచ్చు కాకిని మోసుకొచ్చి ఒడ్డున పడేస్తుంది. అక్కడ తీర్పు తేలిక. డార్ట్ నది మీద తీర్పు అంత తేలిగ్గా రాలేదు. నెమ్మదిగా పోతున్నప్పుడు కాకికే తక్కువ బలం చాలింది. వేగం పెరిగేకొద్దీ లెక్క తారుమారై హంస తేలిగ్గా కదిలింది. అంటే "ఏ ఆకారం మంచిది?" అన్న ప్రశ్నే తప్పు. "ఏ వేగంలో?" అని కూడా అడగాలి.

నా మటుకు నాకు, పడవల చరిత్రలో అన్నిటికన్నా గొప్ప క్షణం ఇదే. రికార్డు బద్దలైన క్షణం కాదు, ఎవరూ గెలవని పందెం.

ఫ్రూడ్‌కి దానితోపాటు ఇంకోటి కూడా కనబడింది. చిన్న హంస ఒకానొక వేగంలో లేపే అలలూ, పెద్ద హంస అంతకంటే ఎక్కువైన ఇంకో వేగంలో లేపే అలలూ అచ్చు ఒకేలా ఉన్నాయి. చిన్న ఫోటో, పెద్ద ఫోటో అన్నట్టు. ఆ రెండు వేగాలకీ ఉన్న సంబంధం పొడవుల వర్గమూలం. పదహారో వంతు బొమ్మ చేస్తే, దాన్ని అసలు ఓడ వేగంలో నాలుగో వంతుతో లాగాలి. అప్పుడు బొమ్మ చుట్టూ లేచే అలలే, పదహారు రెట్లు పెద్దవై, ఓడ చుట్టూ లేస్తాయి. వేగాన్ని పొడవుతో ముడిపెట్టే ఆ లెక్కకే ఇప్పుడు ఫ్రూడ్ సంఖ్య అని పేరు.

*

పెద్దలు నమ్మలేదు. స్కాట్ రస్సెల్ లాంటివాళ్ళ దృష్టిలో బొమ్మలతో చేసే ప్రయోగాలు ముచ్చటైన కాలక్షేపం, అంతే. 1869లో బ్రిటిష్ అసోసియేషన్ వేసిన కమిటీ కూడా బొమ్మలు కాదు, అసలు ఓడల్నే లాగి చూడాలంది. ఆ కమిటీలోనే ఉన్న ఫ్రూడ్ ఒక్కడూ విభేదించాడు. నౌకాదళానికి ముఖ్య నిర్మాత అయిన ఎడ్వర్డ్ రీడ్ మాత్రం ఆయన మాట విన్నాడు. చివరికి 1870లో ప్రభుత్వం 2000 పౌండ్లు ఇచ్చింది.

అదే ఏడాది ఇంకోటి జరిగింది. హెచ్.ఎం.ఎస్. కెప్టెన్ అని ఒక యుద్ధనౌక. రీడ్ వద్దన్న నౌక అది. కౌపర్ కోల్స్ అనే నౌకాదళ అధికారి తన తిరిగే ఫిరంగి బురుజులని ఎత్తైన తెరచాపలతో కలిపి కట్టించాడు. పత్రికలు, పార్లమెంటు ఆయన పక్షాన నిలబడ్డాయి. తీరా కట్టాక బరువు అనుకున్నదానికన్నా పెరిగింది. నీటికీ డెక్కుకీ మధ్య 8 అడుగులు ఉండాల్సిన ఎత్తు సుమారు ఆరున్నరకి దిగింది. 1870 సెప్టెంబరు 6 అర్ధరాత్రి దాటాక, స్పెయిన్ తీరంలో ఫినిస్టెర్ అగ్రం దగ్గర, గాలివానలో కెప్టెన్ ఒక పక్కకి ఒరిగింది. మళ్ళీ లేవలేదు. సుమారు 480 మంది పోయారు. వాళ్ళలో కోల్స్ కూడా ఉన్నాడు. బతికింది 18 మంది.

ఓడ ఒరిగితే ఎంతవరకు తిరిగి నిలబడుతుంది, ఎక్కడ దాటితే ఇక నిలబడదు అన్నది అప్పటికే లెక్క కట్టగలిగిన విషయం. ఆ లెక్క గెలవలేదు, జనం మెచ్చుకోలు గెలిచింది. ఇది చదువుతున్నప్పుడు చెరువు మెట్ల మీది కుర్రాడే కళ్ళ ముందు మెదిలాడు. నా స్థాయిలో నేనూ అదే పని చేశాను. నాకు చప్పట్లు కొట్టింది మేనల్లుడొక్కడే, అంతే తేడా.

*

టార్కీ ఊళ్ళో తన ఇంటి దగ్గరే ఫ్రూడ్ ఒక పొడవాటి నీటి తొట్టి కట్టించాడు. 1872కల్లా పని మొదలైంది. దాదాపు 280 అడుగుల పొడవు. పైన పట్టాలు, పట్టాల మీద బండి, బండి కింద బొమ్మ ఓడ. ఎంత బలంతో లాగాల్సొస్తోందో బండిలోని యంత్రం గీత గీసి చూపిస్తుంది. బొమ్మల్ని కొయ్యతో కాకుండా పారఫిన్ మైనంతో చేసేవాడు. మైనం నీళ్ళు పీల్చదు. చెక్కడం తేలిక. పని అయిపోతే కరిగించి ఇంకో ఓడ పోసుకోవచ్చు.

అయితే ఒక చిక్కుంది. అలల లెక్క బొమ్మ నించి ఓడకి నేరుగా పెరుగుతుంది. నీళ్ళు ఒంటికి రాసుకుపోయే రాపిడి మాత్రం అలా పెరగదు, దాని తీరు వేరు. రెండూ కలిపి కొలిచి, మొత్తాన్ని హెచ్చవేస్తే తప్పుడు జవాబు వస్తుంది. అంతకుముందు బొమ్మల్ని నమ్మి మోసపోయినవాళ్ళు చేసిన పొరపాటు అదే. అందుకని ఫ్రూడ్ ఉత్త చెక్క పలకల్ని, వార్నిష్ పూసినవీ, గుడ్డ అంటించినవీ, ఇసుక అద్దినవీ, 50 అడుగుల పొడవు దాకా, ఒక్కొక్కటే నీళ్ళలో లాగి చూశాడు. పలక పలచన కాబట్టి అలలు లేవవు, ఉన్నదంతా రాపిడే. ఆ రాపిడిని విడిగా లెక్కగట్టి, బొమ్మ మీద కొలిచిన బలంలోంచి తీసేసి, మిగిలినదాన్ని పెంచి, ఓడకి తగ్గ రాపిడిని మళ్ళీ కలిపాడు. చెప్పడానికి నాలుగు ముక్కలు. చెయ్యడానికి ఏళ్ళు పట్టింది.

ఇదంతా నిజమో కాదో తేలాలంటే అసలు ఓడని లాగాలి. 1871లో గ్రేహౌండ్ అనే నౌకని యాక్టివ్ అనే ఇంకో నౌకతో లాగించారు. యాక్టివ్ వెనక రేగే నీళ్ళలో చిక్కుకోకుండా, పక్కకి పొడవాటి దూలం సాచి దాని కొస నించి కట్టారు. సముద్రంలో కొలిచిన బలమూ, తొట్టిలో మైనపు బొమ్మ చెప్పిన బలమూ దగ్గరగా సరిపోయాయి. 1874లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ తర్వాత బొమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు. ఫ్రూడ్ 1879లో దక్షిణాఫ్రికాలో సైమన్స్‌టౌన్ దగ్గర జబ్బుచేసి పోయాడు. పని కొడుకు చేతికి వచ్చింది.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు ముచ్చట అనుకోకండి. మా విశాఖలోనే, నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీలో, ఇలాంటి తొట్టి అర కిలోమీటరు పొడవున ఉంది. అక్షరాలా 500 మీటర్లు. మన నౌకాదళం ఓడల నమూనాలు ముందు అందులో పరిగెత్తుతాయి. చిన్నప్పుడు బస్సులో దాని గోడ పక్కనించి ఎన్నిసార్లు వెళ్ళానో! లోపల ఏముందో ఊహే లేదు. షిప్‌యార్డు గురించైతే ఇంట్లో రోజూ మాటలే. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి 'జలఉష'ని నీళ్ళలోకి వదిలిన కథ నాన్న చూడకపోయినా చూసినట్టే చెప్తాడు. ఓడ నీళ్ళలోకి జారేటప్పుడు ఇంత పెద్ద ఇనుప కొండ తేలుతుందా అని జనం నోళ్ళు వెళ్ళబెడతారట. "తేలుద్దని మాకు తెలుసు. లెక్క ముందే అయిపోనాది కదా" అంటాడు నాన్న. ఆ 'ముందే' అన్న మాట వెనక ఉన్న మైనపు హంసలు ఇప్పుడు కనబడుతున్నాయి.

*

ఇప్పుడు నా పడవ దగ్గరికి వద్దాం. దాని పొడవు 60 సెంటీమీటర్లు. ఫ్రూడ్ లెక్క దానికి కట్టి చూస్తే నవ్వొస్తుంది. నీళ్ళలో మునిగి నడిచే ఏ పడవైనా ముందు ఒక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు సాగుతుంది. అల పొడవు పడవ పొడవుకి సమానమైనప్పుడు, పడవ తను లేపిన అలలోనే తాను చిక్కుకుంటుంది. ఇక ముందుకి పోవాలంటే ఆ నీటి గుట్ట ఎక్కాల్సిందే. 60 సెంటీమీటర్ల పడవకి ఆ హద్దు గంటకి మూడున్నర కిలోమీటర్లు. సాయంత్రం బీచిలో షికారు చేసేవాడి నడక. నా పడవ దానికి పదిహేడు రెట్లు పోతోంది. ఎలా? గుట్ట ఎక్కేసింది గనక. అది ఇప్పుడు నీళ్ళలో లేదు, నీళ్ళ మీద ఉంది. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తుందే, అలాగ.

ఈ ఆలోచనకీ ఒక కథ ఉంది. 1872లో ససెక్స్‌లోని ప్లేడెన్ అనే పల్లె చర్చి గురువు, రామస్ అనే ఆయన, నౌకాదళానికి ఒక ప్రతిపాదన పంపాడు. ఓడ అడుగుని నున్నగా కాకుండా మధ్యలో మెట్టు పెట్టి కడితే, వేగంలో అది నీళ్ళ పైకి లేస్తుందని. దాన్ని పరీక్షించమని ఎవరికిచ్చారనుకున్నారు? ఫ్రూడ్‌కే. ఆయన బొమ్మలు చేసి లాగి చూసి, ఆవిరి ఇంజను మోసే ఓడకి అంత వేగం రాదు, అందే వేగాల్లో ఈ మెట్టు వల్ల నష్టమే అని తేల్చాడు. కొలత సరిగ్గానే ఉంది. కాకపోతే అది ఆనాటి ఇంజనుకి చెప్పిన జవాబు. నాలుగు దశాబ్దాలు తిరక్కుండా తేలికైన పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. 1910 ప్రాంతంలో థార్నిక్రాఫ్ట్ కట్టిన 'మిరాండా 4', అడుగున ఒకే ఒక మెట్టుతో, 30 నాట్లు దాటి పరిగెత్తింది. 1916లో అదే ఒరవడిలో బ్రిటిష్ నౌకాదళం 40 అడుగుల టార్పెడో పడవలు దించింది.

పల్లెటూరి గురువు చెప్పింది తప్పు కాదు, తొందర. మళ్ళీ అదే సంగతి. ఏ వేగంలో? ఏ ఇంజనుతో?

దూరం నించి పడవని నడపడం కూడా అంత కొత్తేం కాదు. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికొలా టెస్లా ఒక చిన్న పడవని తీగ లేకుండా తిప్పి జనాన్ని నోరెళ్ళబెట్టించాడు. లండన్ తూర్పున విక్టోరియా పార్కులో మోడల్ స్టీమ్ బోట్ క్లబ్బు 1904లోనే పుట్టింది. రేడియో అందుబాటులోకి రాక ముందు పందెం పడవల్ని చెరువు మధ్య గుంజకి తాడుతో కట్టి గుండ్రంగా పరిగెత్తించేవాళ్ళు. గానుగెద్దులాగ. అక్కడ మలుపు గొడవే లేదు. తాడే తిప్పేది. అందుకే ఆ పడవలకి కావలసింది వేగం ఒక్కటే. తాడు తీసేశాకే మలుపు అనే ప్రశ్న పుట్టింది.

*

నేను చేసిన తప్పు ఇక చెప్పాలి.

నా పడవ కొన్నప్పుడు వెనక పలకకి రెండు పక్కలా రెండు చిన్న రేకులు ఉండేవి. టర్న్ ఫిన్ అంటారు. కత్తుల్లా నీళ్ళలోకి దిగి ఉంటాయి. తిన్నగా పోయేటప్పుడు వాటివల్ల లాభం లేదు, రాపిడి దండగ. వాటిని నేనే ఊడబీకేశాను. బ్యాటరీని కూడా రెండు వేళ్ళ వెడల్పు వెనక్కి జరిపాను. ముక్కు లేచింది, తడిసే ఒళ్ళు తగ్గింది. నాలుగు కిలోమీటర్లు అలా వచ్చాయి. ఒకేసారి రెండు మార్పులు. ఫ్రూడ్ చూస్తే చెంపలేసుకోమనేవాడు.

పడవ మలుపు తిరగడం బండి మలుపు తిరగడం లాంటిది కాదు. బండికి నేల పట్టు ఇస్తుంది. నీళ్ళ మీద తేలిపోతున్న పడవకి పట్టు ఎక్కడిది? చుక్కాని తిప్పితే అది చేసే పని తోకని పక్కకి నెట్టడం. మా వైపు జాలర్లు పడవ ముందు కొసని అణియం, వెనక కొసని అమరం అంటారు. చుక్కాని ఉండేది అమరంలోనే. తోక అటు పోతే ముక్కు ఇటు చూస్తుంది. చూసినంత మాత్రాన పడవ ఆ దిక్కుకి పోదు. నీళ్ళు పక్కనించి గట్టిగా అడ్డుకుంటేనే పోతుంది. ఆ అడ్డుకునేదే ఫిన్. తిన్నని దారిలో దండగ అనిపించిన రేకే మలుపులో పడవకి కాలు.

అమెరికాలో పెద్ద హైడ్రోప్లేన్ పందేల్లో పడవలు ఎడమకి తిరుగుతాయి. వాటికి ఫిన్ ఎడమ పక్కన ఉంటుంది. రిమోట్ పడవల పందెం గడియారం ముల్లు తిరిగే వైపుకి. అందుకని వాటికి కుడి పక్కన. ఏ వైపు తిరగాలో ముందే తెలిస్తే ఆ వైపుకే కాలు. నా పడవకి రెండు వైపులా ఉండేవి. రెండు కాళ్ళూ నేనే తీసేశాను.

సరే, మొదట్నించీ మొదలెట్టాను. ఒక నోటు పుస్తకం. ఒక్కో ఆదివారం ఒక్కటే మార్పు. పొద్దున్నే ఆరింటికి, మెట్ల మీద ఎవరూ లేనప్పుడు.

మొదటి వారం ఫిన్లు తిరిగి బిగించాను. మూడు కిలోమీటర్లు పోయాయి, పడవ తిరిగింది. రెండో వారం బరువు. పడవని రెండు చూపుడువేళ్ళ మీద నిలబెట్టి, ఎక్కడ సమంగా తూగుతోందో చూసుకోవాలి. ఇలాంటి కోటేరు అడుగు పడవకి వెనక నించి సుమారు మూడో వంతు దగ్గర తూగితే మంచిది. నాది బాగా వెనక్కి ఉంది. బ్యాటరీ అంగుళం ముందుకి జరిపాను. ముక్కు గంతులు ఆగాయి. మూడో వారం స్ట్రట్. ప్రొపెల్లర్ షాఫ్టుని వెనక పట్టుకునే కాలు అది. షాఫ్టు వెనక కొస రవ్వంత కిందికి వాలితే అది తోకని ఎత్తి ముక్కుని దించుతుంది. పైకి వాలితే ముక్కు లేస్తుంది. వాలు కంటికి ఆనదు. ఒక పేకముక్క మందం తేడాకి పడవ స్వభావం మారిపోతుంది. నాలుగో వారం ప్రొపెల్లర్ లోతు.

ఈ లోతు దగ్గర మళ్ళీ చరిత్రే. ప్రొపెల్లర్ పూర్తిగా మునిగితేనే పట్టు ఉంటుందని మనకి అనిపిస్తుంది. వేగంలో మునిగిన షాఫ్టూ, దాన్ని పట్టుకునే కాళ్ళూ అన్నీ రాపిడే. 1930ల్లో అమెరికాలో వెంట్నార్ బోట్ వర్క్స్‌కి చెందిన ఏపెల్ కుటుంబం ముందు రెండు పక్కలా రెండు తేలుడు పాదాలు పెట్టి, మూడు చోట్ల మాత్రమే నీటిని తాకే పడవ కట్టింది. 1939 ఆగస్టులో మాల్కం క్యాంప్‌బెల్ కొనిస్టన్ సరస్సు మీద గంటకి 228 కిలోమీటర్లు నడిపిన బ్లూబర్డ్ కె4 ఆ దారిలోదే. 1950 జూన్‌లో సియాటిల్ పడవ 'స్లో-మో-షన్ 4' ఇంకో అడుగు వేసింది. దాని తోక నీటిని తాకదు. సగం మునిగిన ప్రొపెల్లరే మూడో కాలు. 258 కిలోమీటర్లు. ఈ రోజు నా చేతిలో ఉన్న పడవ ప్రొపెల్లరూ సగమే మునుగుతుంది. సగం బయట ఉంటే అది ఒక పక్కకి పాకుతుంది కూడా, బండి చక్రంలా. ఆ పాకుడుని చుక్కాని కొద్దిగా పక్కకి పెట్టి సరిచెయ్యాలి. అయిదో వారం అదే పని.

అయిదు వారాలకి వేగం మళ్ళీ 60కి వచ్చింది. మొదట్లో దొంగ దారిన వచ్చిన 60 అది. ఈసారి ఫిన్లతో, మలుపుతో సహా వచ్చింది.

*

మేనల్లుడికి ఇది చాల్లేదు. "మామయ్యా, పెద్ద బ్యాటరీ పెడితే ఎనభై వస్తది కదా?" వస్తుంది. వాడికి అప్పుడు డోనల్డ్ క్యాంప్‌బెల్ కథ చెప్పాను. మాల్కం కొడుకు.

బ్లూబర్డ్ కె7 జెట్ ఇంజను పడవ. దాని నమూనాలని తొట్టిలోనూ, గాలి సొరంగంలోనూ పరీక్షించాకే కట్టారు. 1955లో గంటకి 325 కిలోమీటర్ల రికార్డు. తర్వాత పన్నెండేళ్ళు అదే పడవని ఇంకా ఇంకా తోశాడు. 1967 జనవరి 4 పొద్దున్న కొనిస్టన్ సరస్సు మీద మొదటి పరుగులో సుమారు 479 వచ్చింది. రికార్డుకి రెండు వైపులా పరుగెత్తాలి. ఇంధనం నింపుకోడానికి ఆగకుండా వెంటనే తిరిగాడు. 510 దాటాక ముక్కు లేచింది. అడుగున గాలి దూరింది. పడవ విమానంలా ఎగిరి పల్టీ కొట్టి నీళ్ళలో పడింది. ఆయన శరీరం 2001లో గానీ దొరకలేదు.

గాలి ఎత్తే బలం వేగంతో పాటు సమంగా పెరగదు, వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు. ముక్కు ఎంత లేస్తే ఇక దిగదో, ఆ కోణం వేగం పెరిగేకొద్దీ తరిగిపోతుంది. కెప్టెన్ ఒరిగిన కథే ఇది కూడా, అడ్డం బదులు నిలువు. తర్వాత 1978లో ఆస్ట్రేలియాలో కెన్ వార్బీ తన ఇంటి పెరట్లో కొయ్యతో కట్టుకున్న పడవతో 511 చేశాడు. అది ఇది రాసేనాటికి చెక్కుచెదరలేదు. దాన్ని దాటబోయి 1980లో లీ టేలర్, 1989లో క్రెయిగ్ ఆర్ఫన్స్ పోయారు.

నమూనా అబద్ధం చెప్పదు. మనం అడిగినదానికి మటుకు జవాబిస్తుంది. అడగనిది అది తనంతట చెప్పదు. ఆ పొద్దున్న నీళ్ళు ఎలా ఉన్నాయో, మనిషి ఎంత తొందరలో ఉన్నాడో ఏ తొట్టీ కొలవలేదు. నేను ఫిన్లు పీకేసినప్పుడు నా పడవని "ఎంత వేగం?" అనే అడిగాను. అది నిజమే చెప్పింది. "మెట్ల మీద ఎవరైనా ఉంటే?" అని అడగలేదు.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఎనభై ఎప్పుడూ పెట్టమా?" అన్నాడు. పెడదాం, కానీ ముందు ఎనభైలో మలుపు తిరగాలి, దానికి ఫిన్ ఇంకాస్త పెద్దది కావాలి, చెరువు కూడా ఇంకాస్త పెద్దది కావాలి, గట్టున ఎవరూ ఉండకూడదు అన్నాను. వాడు నోటు పుస్తకం తీసి వరసగా రాసుకున్నాడు. చివర "చెరువు" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు.

మొన్న ఆదివారం నాన్న కూడా వచ్చాడు. మెట్ల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పడవ తిన్నగా వచ్చి, కుడికి ఒరిగి, తోక జారకుండా, నీటి మీద శుభ్రంగా ఒక సున్నా గీసి తిరిగొచ్చింది. నాన్న ఏమంటాడోనని చూశాను.

"ఎడంకి తిప్పి చూసినావేటి?" అన్నాడు.

తిప్పలేదు. వచ్చే ఆదివారం పని అది.